మూడో రాతి ముఖం

"నీ భార్యను శత్రువులకు అమ్మినవాడు ఎవరో శుక్రవారం మూడు గంటలకు తేలిపోతుంది, ప్రాసర్. ఆ సాక్ష్యం తెచ్చేవాడు అంతవరకు బతికి ఉండాలి. అదే నీ పని."

సర్ ఆస్బర్ట్ క్విల్టర్ ఆ మాట చెప్పి పైపు దులుపుకున్నాడు.

వాల్టర్ ప్రాసర్ నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. పందొమ్మిదేళ్ళ గూఢచారి ఉద్యోగంలో ఈ గదిలో అతను కూర్చున్నది ఒక్కసారే. ఐదేళ్ళ కిందట, అదే శాఖలో పనిచేసే తన భార్య ఈడిత్‌ను గ్రాట్స్‌లో ట్రామ్ దిగుతుండగా కాల్చేశారని చెప్పిన రోజు. ఆ రోజు మాత్రం కుర్చీ వేశారు.

"తెచ్చేదెవరు సర్?"

"కర్నల్ హలాస్. బుడాపెస్ట్ గూఢచారి శాఖ నుంచి మన వైపు దూకాడు. మనలో ఉండి వాళ్ళకు వార్తలు మోసిన ద్రోహి స్వహస్తంతో రాసిన ఉత్తరం ఒకటి తెస్తున్నాడు. ద్రోహి ఎవరో అతనికీ తెలియదు. చేతిరాత చూసి మనమే గుర్తుపట్టాలట. ప్రభుత్వంలోని ముగ్గురు పెద్దల ఎదుట తప్ప కవరు విప్పనంటున్నాడు. ఆల్డర్‌స్టోక్ కోర్ట్‌లో సమావేశం పెట్టాం. చుట్టూ కందకం ఉన్న ఇల్లు. ఒకటే వంతెన."

బల్ల మీది చిన్న పుస్తకాన్ని అతను ఇటు తోశాడు. అట్ట మీద అదే ఇంటి బొమ్మ. కింద రచయిత పేరు: ఆస్బర్ట్ క్విల్టర్.

"చదువుకో. చదవడం వచ్చుగా?"

"వచ్చు సర్. మా ఊరి బళ్ళో నేర్పారు."

"మీ నాన్న తాపీమేస్త్రీ కదా. గోడలు బాగుచేసే మేస్త్రీగా వెళ్ళు. నీకు వేషం కట్టే శ్రమ కూడా లేదు." సర్ ఆస్బర్ట్ నవ్వాడు. వెంటనే నవ్వు తీసేశాడు. "ఇంటావిడ లేడీ రోవెనా ట్రాస్క్. రెండు వైపులా పనిచేసే మనిషి. ఈడిత్ చచ్చిన రోజు ఆవిడ గ్రాట్స్‌లోనే ఉంది. కన్నేసి ఉంచు. చెయ్యి జేబులోకి పోతే కాల్చెయ్."

కింద అంతస్తులో పరికరాల శాఖవాళ్ళు పిడిలో రేడియో దాచిన తాపీ ఇచ్చారు. ఫొటోలు తీసే సిగరెట్ లైటరు ఇచ్చారు. వాల్టర్ రెండూ సంచిలో పడేసుకున్నాడు. తన సొంత సుత్తిని మాత్రం గుడ్డలో చుట్టి పెట్టుకున్నాడు.

* * *

ఆల్డర్‌స్టోక్ వేల్స్ సరిహద్దు దగ్గర ఆరువందల ఏళ్ళుగా మొహం మాడ్చుకుని నిలబడి ఉంది. నల్లటి కందకం మధ్య బూడిదరంగు రాయి. వంతెన చివర గేటు బురుజు. పై గోడ పొడవునా పళ్ళలా లేచిన రాతి దిమ్మెలు, కోట పళ్ళు. ఆ పళ్ళు కరవడానికి పెట్టినవి కావు. 1341లో అప్పటి యజమాని రాజుగారి అనుమతి పత్రం తెచ్చుకుని మరీ పెట్టించాడు, పక్క ఊరి దొర చూసి కుళ్ళుకోవాలని. వాల్టర్ తండ్రి ఇలాంటి ఇళ్ళ మీద ముప్పై ఏళ్ళు పనిచేశాడు. వంటింటి గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టకుండానే పోయాడు.

గురువారం పొద్దున్నే వాల్టర్ పైనుంచి మొదలుపెట్టాడు. పుస్తకం పన్నెండో పేజీలో ఇలా ఉంది: 'హాలు మూల నుంచి చుట్టుమెట్లు ఎక్కితే గోడ మీద సైనికులు నడిచే దారి వస్తుంది. ఆ దారిన ఇప్పటికీ గేటు బురుజు దాకా వెళ్ళవచ్చు.' వాల్టర్ ఎక్కాడు. తలుపు తీశాడు. మూడడుగుల తర్వాత దారి లేదు. రెండువందల ఏళ్ళ కిందట ఎవరో వేయించిన సీసపు రేకుల కప్పు ఏటవాలుగా వచ్చి కోట పళ్ళకు ఆనుకుంది. పిల్లి కూడా నడవలేదు. రాసినవాడు ఎక్కి చూడలేదన్నమాట. అలాంటివాళ్ళకు ఎక్కడం పనివాళ్ళ పని.

తర్వాత హాలు. రెండంతస్తుల ఎత్తు, నల్లబడిన ఓక్ దూలాలు, ఎద్దును నిలువునా కాల్చగల పొయ్యి. ఒక చివర ఎత్తు అరుగు, దాని మీద పొడవాటి బల్ల. గోడల్లో బాగా ఎత్తున మూడు రాతి ముఖాలు. ఒకటి రాజు, ఒకటి బిషప్, ఒకటి గాడిద చెవుల విదూషకుడు. మూడింటికీ కళ్ళు, నోళ్ళు తొలిచి ఉన్నాయి. మొదటి రెంటి వెనకా పడకగదులున్నాయి. కింద విందులో ఎవరు ఎవరి చెవి కొరుకుతున్నారో ఆడవాళ్ళు అక్కడి నుంచి చూసేవాళ్ళు. మూడోది, విదూషకుడిది, ఉత్తరపు గోడలో ఉంది. తొమ్మిదో పేజీ ప్రకారం దాని వెనక గట్టి గోడే. పుస్తకంలో ఇంటి ప్లాను రాయి రాయి గీశారు. ఆ ఒక్కచోట మాత్రం నల్లగా నింపేశారు.

"మేస్త్రీ, నా గోడకంటే నన్నే ఎక్కువ చూస్తున్నారు. బీట దేనికి పడింది?"

లేడీ రోవెనా మెట్ల దగ్గర నిలబడి ఉంది. నలభై ఉంటాయి. లండన్ పత్రికల్లో ఫొటో పడే మనిషి. పాత ఉన్ని కోటు మీద కూడా ముత్యాలు వేసుకుంది.

"రెండింటికీ పడింది మేడమ్. గోడది కనిపిస్తోంది."

ఆమె నవ్వలేదు. అతని చేతుల వంక, గోళ్ళ వంక చూసి వెళ్ళిపోయింది. వాల్టర్ కోటు లోపలి పిస్టల్ మీద నుంచి చెయ్యి తీశాడు.

మధ్యాహ్నం ఉత్తరపు గోడను బయటి నుంచి చూశాడు. పక్కన గిటిన్స్ ఉన్నాడు. డెబ్బై దాటిన ఎస్టేటు మనిషి. ఏ గోడకు ఎప్పుడు ఏ పని జరిగిందో రాసిపెట్టే పుస్తకం చంకలో పెట్టుకుని తిరుగుతాడు.

"ఈ గోడ జోలికి పోకయ్యా మేస్త్రీ. జనవరిలోనే బాగుచేశారు. ఇదిగో చూడు."

పుస్తకంలో ఉంది: జనవరి 17 నుంచి 19 వరకు. ఉత్తరపు గోడ, బయటివైపు. రాళ్ళ సందుల్లో సున్నం నింపారు. ముగ్గురు మనుషులు.

వాల్టర్ రెండుసార్లు చదివాడు. "జనవరిలోనా? ఈ జనవరిలోనా?"

"మరి? కందకం గడ్డకట్టి బండరాయై పోయింది. మా ఆవిడ దాని మీద నడిచి చర్చికెళ్ళింది."

"అంత మంచులో సున్నం ఎవడు వేస్తాడు పెద్దాయనా? తడి ఆరకముందే గడ్డకడుతుంది. కరగ్గానే పిండిలా రాలుతుంది. అక్టోబరు దాటాక మా నాన్న బయటి గోడకు తాపీ తాకించేవాడు కాదు."

"నాకు తెలీదంటావా? అన్నాను. ఆ నాయాళ్ళు వింటేగా! లండన్ నుంచొచ్చారు, చేతికి తొడుగులేసుకుని! గోడకట్టేవాడు తొడుగులేసుకోవడం నేనెక్కడా చూళ్ళేదు."

వాల్టర్ గట్టు చివరికి వెళ్ళి చూశాడు. రాళ్ళ అంచుల మీద రాలిన సున్నపు పిండి లేదు. రాళ్ళ సందుల్లో పాత నాచు పాతగానే ఉంది. మూడు రోజులు ముగ్గురు మనుషులు ఈ గోడకు ఏమీ చేయలేదు. మరి ఏం చేశారు?

గోడ మధ్యలో పొట్టలాంటి ఉబ్బు ఒకటి నీళ్ళలోంచి లేచి పై దాకా పోయింది. పుస్తకంలో నల్లగా నింపిన చోటు అదే. దన్ను కోసం కట్టిన ఉబ్బయితే కింద వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ సన్నబడాలి. ఇది కిందా పైనా ఒకే వెడల్పు. నీటిమట్టానికి జానెడు ఎత్తున చదరపు కన్నం. వాల్టర్‌కు నవ్వొచ్చింది. ఇది గోడలో కట్టిన పాత మరుగుదొడ్డి. పైన చిన్న గది, దాని నుంచి కందకంలోకి తూము. గది తలుపు ఎప్పుడో మూసేసి ఉంటారు. ఆ కన్నం దగ్గరకు నీటి మీదుగా వెళ్ళడం కష్టం. మంచు మీదుగా అయితే చెప్పులు కూడా తడవవు. ఆ ముగ్గురూ అలాగే వెళ్ళి తూమును మనిషి పాకేలా ఖాళీ చేసి ఉంటారు.

పుస్తకం రాసిన పెద్దమనిషి మరుగుదొడ్డి గురించి రాయడానికి సిగ్గుపడ్డాడేమో అనుకున్నాడు.

నాలుగింటికి తాపీ పిడిలో మాట్లాడాడు. "మేస్త్రీ నుంచి బడికి. ఉత్తరపు గోడలో దొంగపని జరిగింది. విదూషకుడి వెనక గది ఉంది."

కాసేపు గరగర. తర్వాత సర్ ఆస్బర్ట్ గొంతు. "బడి నుంచి మేస్త్రీకి. నా ఇంటి గురించి నాకు పాఠం చెప్పకు. రేపు మధ్యాహ్నం నుంచి నువ్వు కందకం అవతల ఉండు. లోపలికి రావద్దు. అర్థమైందా?"

ఇల్లు లేడీ రోవెనాది. నా ఇల్లు అన్నాడు. వాల్టర్ ఆ మాటను మనసులో పెట్టుకున్నాడు.

* * *

శుక్రవారం రెండున్నర. కార్లు వచ్చేశాయి. వంతెన మీద సర్ ఆస్బర్ట్ మనుషులు నలుగురు తుపాకులతో నిలబడ్డారు. వాల్టర్ కందకం అవతల గట్టు మీద, చెప్పినచోటే ఉన్నాడు. ఎదురుగా ఆ కన్నం. నిన్న దాని అంచుకు నిండా నాచు ఉంది. ఇవాళ బోటనవేలు వెడల్పున గీసుకుపోయి తెల్లటి రాయి కనిపిస్తోంది.

తెల్లవారుజామున ఎవడో నీళ్ళలో వచ్చి లోపలికి దూరాడు. ఇప్పుడు వాడు విదూషకుడి వెనక కూర్చుని ఉన్నాడు. ఆ నోట్లోంచి చూస్తే కనిపించేది అరుగు మీది మధ్య కుర్చీ ఒక్కటే.

"పెద్దాయనా, ఆ ముగ్గుర్నీ పంపింది ఎవరు?"

"మంత్రిత్వశాఖ నుంచి ఉత్తరమొచ్చిందిగా. దొరసాని లండన్‌లో ఉంటే నేనే తీసుకున్నా."

"అది చూపించు."

"ఎక్కడుంది? పోయినవారం సర్ ఆస్బర్ట్ వచ్చి ఫైల్లో పెట్టాలని పట్టుకుపోయాడు. నాకు రసీదు కూడా ఇవ్వలేదు, సచ్చినోడు."

వాల్టర్ ఒక్కొక్కటే కలుపుకున్నాడు. చేతిరాత. ఉత్తరం. ఐదేళ్ళు. ఆ రోజు ఆ గదిలో కుర్చీ వేసింది, నీళ్ళ గ్లాసు అందించింది, భుజం తట్టింది. అన్నీ ఆ చేతులే.

వంతెన వైపు నడిచాడు. తుపాకీ గొట్టం ఒకటి అడ్డం వచ్చింది. "లోపలికి పోనివ్వద్దని సర్ ఆస్బర్ట్ ఆర్డరు. మతి సరిగా లేనోడివట. పో అవతలికి."

అంటే కథ కూడా ముందే రాసి పెట్టారు. హలాస్ చస్తాడు, పెళ్ళాం పోయి పిచ్చెక్కిన మేస్త్రీ కాల్చాడని చెబుతారు, పిస్టల్ ఎలాగూ మేస్త్రీ కోటులోనే ఉంటుంది. అరిస్తే పైనున్నవాడు ముందే కాలుస్తాడు. కాల్చకపోయినా, గొడవ వంకతో సర్ ఆస్బర్ట్ హలాస్‌ను తన కారులో ఎక్కించుకుపోతాడు.

లేడీ రోవెనా గేటులోంచి బయటికొచ్చింది. కాపలావాళ్ళు పక్కకు తప్పుకున్నారు. ఆమె గట్టు దాకా వచ్చి సిగరెట్ తీసింది. చెయ్యి మళ్ళీ జేబులోకి పోయింది.

వాల్టర్ కోటు చాటున పిస్టల్ ఎత్తాడు. "చెయ్యి అక్కడే ఉంచండి మేడమ్."

ఆమె కదల్లేదు. గొంతు తగ్గించింది. "ఇంట్లో పిల్లికి పాలు పోశారా?"

వాల్టర్ వేలు ట్రిగ్గర్ మీద ఆగిపోయింది. ఆ కోడ్ ఈడిత్‌ది. మొగుడికి పిల్లులంటే పడదని కావాలని పెట్టుకుంది. ఆమె నమ్మినవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.

"మాకు పిల్లి లేదు." వాల్టర్ పిస్టల్ కొద్దిగా దించాడు.

"గ్రాట్స్‌లో ఆవిడ కలవాల్సింది నన్నే. ఎవరు అమ్మారో ఐదేళ్ళుగా వెతుకుతున్నాను. మీరేమో నేనే అనుకుంటున్నారు."

"ఇంకా అనుకుంటున్నాను. కానీ తీరిక లేదు. మధ్య కుర్చీ ఎవరికి?"

"హలాస్‌కి. సర్ ఆస్బర్ట్ స్వయంగా పేరు చీటీ పెట్టాడు."

"విదూషకుడి వెనక మనిషున్నాడు. హలాస్‌ను ఆ కుర్చీలో కూర్చోనివ్వకండి. హాల్లో పొయ్యి నిండా ఎండుకట్టెలు వేయించండి. మంట పైకప్పు తాకాలి."

"మంట దేనికి?"

"పెద్ద మంట లేస్తే ఇంట్లో ఉన్న ప్రతి కన్నం నుంచీ గాలి లాగుతుంది. నా పొగ పైకి పోవాలి."

ఆమె ఒక్క క్షణం అతని మొహం చూసింది. సిగరెట్ కందకంలో పారేసింది. "ఎంతసేపు ఆపాలి?"

"తడిగడ్డి అంటుకునేంతసేపు."

* * *

నాచు తీసే బల్లకట్టు పడవ గేదెలా కదిలింది. గిటిన్స్ గడ వేస్తూ తిడుతున్నాడు. "ఈ వయసులో నాకిదేం కర్మ? పెన్షన్ తీసుకునేవాడితో పడవ పందేలా?"

"నోరు మూసుకుని తొయ్యి."

కన్నం దగ్గర ఆగారు. వాల్టర్ కిరసనాయిలు పోసిన గడ్డి తూములోకి కుక్కాడు. మీద తడిగడ్డి వేశాడు. శాఖవాళ్ళిచ్చిన లైటరు నొక్కాడు. అది ఫొటో తీసింది. మళ్ళీ నొక్కాడు. రెండో ఫొటో తీసింది.

"అగ్గిపెట్టె ఇవ్వు."

గిటిన్స్ ఇచ్చాడు. గడ్డి అంటుకుంది. పొగ పైకి పోలేదు. పసుపుపచ్చగా దొర్లుకుంటూ వాల్టర్ మొహం మీదికే వచ్చింది. కళ్ళు మండాయి.

తూములోంచి గొంతులు వినిపించాయి. నలభై అడుగుల రాతి గొట్టం, హాలును తెచ్చి చెవిలో పెట్టింది.

"కర్నల్, మీ కుర్చీ ఇదిగో. దయచేయండి." సర్ ఆస్బర్ట్.

"ఆగండి ఆగండి!" రోవెనా గొంతు, విందుల్లో వినిపించే గొంతు. "మార్చి చలిలో వచ్చిన అతిథిని వీపు కాచుకోకుండా కూర్చోబెడతామా? మా ఇంటి పద్ధతి అది. ఇలా పొయ్యి దగ్గరకు రండి కర్నల్. ఏయ్, ఇంకా రెండు దుంగలు వెయ్యండి."

"రోవెనా, మూడవుతోంది."

"ఆరువందల ఏళ్ళ ఇల్లు ఆస్బర్ట్. రెండు నిమిషాలకు కూలదు."

వాల్టర్ గడ్డి ఎగదోశాడు. పొగ ఇంకా అతని మీదికే వస్తోంది. రాయి అసలే చల్లన. ఆరువందల ఏళ్ళ చలి ఆ గొట్టంలో గడ్డకట్టుకుని ఉంది.

"చాలు రోవెనా. కర్నల్, కూర్చోండి. ఇది నా ఆజ్ఞ అనుకోండి."

"అలాగే, అలాగే. కూర్చుంటాను." కొత్త గొంతు, విదేశీ యాస. అడుగుల చప్పుడు. అరుగు మెట్టు కిర్రుమంది.

గేటు బురుజు గడియారం మూడు కొట్టడం మొదలుపెట్టింది.

ఒకటి.

వాల్టర్ మొహం మీది పొగ తటపటాయించింది.

రెండు.

హాల్లో ఎండుదుంగలు అంటుకుని గర్జించడం తూములోంచి వినిపించింది. ఏదో పెద్ద జంతువు ఊపిరి పీల్చినట్టు కన్నం గాలిని లాగేసుకుంది. గడ్డి భగ్గుమంది. పొగ మొత్తం ఒక్క గుక్కలో పైకి పోయింది.

మూడు.

పైన దగ్గు. బూతు. తుపాకీ పేలింది. ఒక ఆడగొంతు "పడుకోండి!" అని అరిచింది. ఇంకోసారి పేలింది. తర్వాత రాతి మీద గుడ్డ రాసుకున్న శబ్దం, గబగబా దగ్గరవుతూ.

"పడవ వెనక్కి!"

ఆరువందల ఏళ్ళుగా ఆ తూములోంచి ఏం జారిందో వాడూ అలాగే జారాడు. మండుతున్న గడ్డితో సహా నీళ్ళలో పడ్డాడు. రబ్బరు బట్టలు, మసిపట్టిన మొహం. తల పైకెత్తాడు. వాల్టర్ సుత్తి పిడితో ఒక్కటి వేశాడు.

"వీడే!" గిటిన్స్ గడతో వాడి భుజం అదిమిపెట్టాడు. "తొడుగులేసుకున్న మేస్త్రీ వీడేనయ్యా!"

* * *

వాల్టర్ వంతెన దాటుతుంటే ఈసారి ఎవరూ ఆపలేదు. ఆర్డర్లు ఇచ్చేవాడు కనిపించక నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు.

హాల్లో విదూషకుడి కళ్ళలోంచి, నోట్లోంచి పొగ ధారలు కడుతోంది. మధ్య కుర్చీ వీపుకు అరచెయ్యి పట్టేంత రంధ్రం. ఆ పక్కన నేల మీద కర్నల్ హలాస్ చతికిలబడి ఉన్నాడు. లేడీ రోవెనా అతన్ని పక్కకు లాగినప్పుడు ముత్యాలు తెగి అరుగంతా దొర్లాయి. బల్ల మీద విప్పిన కవరు. ముగ్గురు పెద్దలూ ఆ కాగితం చుట్టూ వంగి ఉన్నారు. వాళ్ళలో ఇద్దరికి ఆ చేతిరాతతో పదేళ్ళుగా క్రిస్మస్ శుభాకాంక్షలు వస్తున్నాయి.

"ఎటు పోయాడు?"

రోవెనా మూలనున్న చుట్టుమెట్ల వైపు చూపించింది. వంతెన మీద నుంచి వెంట వచ్చిన కాపలావాళ్ళు అటు పరిగెత్తబోయారు.

"ఆగండి," అన్నాడు వాల్టర్. "అక్కర్లేదు."

కింది మెట్టు మీద కూర్చున్నాడు. పిస్టల్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పైన తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మూడడుగులు. తర్వాత చప్పుడు లేదు. గాలి మాత్రం వచ్చింది.

రోవెనా వచ్చి పక్కన నిలబడింది. "ఇప్పుడైనా నమ్మారా?"

"నమ్మాను."

"క్షమించారా?"

"ఈడిత్ ఆ ట్రామ్ ఎక్కింది మిమ్మల్ని కలవడానికి. మీరు బతికున్నారు. అది క్షమించను."

ఆమె వంగి నేల మీది ముత్యాలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

పది నిమిషాలకు మెట్ల మీద బూట్లు వినిపించాయి, నెమ్మదిగా, కిందికి. మొదట పాలిష్ చేసిన బూట్లు, తర్వాత చలికి నీలమైన చేతులు, తర్వాత సర్ ఆస్బర్ట్ మొహం. పిస్టల్ పట్టుకున్నాడు గానీ వేళ్ళు కొంకర్లు పోయాయి.

"ప్రాసర్. పైన దారి... గేటు బురుజుకు దారి లేదు."

"లేదు సర్. పిస్టల్ మెట్టు మీద పెట్టండి."

పెట్టాడు. "ఈడిత్ విషయంలో నేను ఎంత బాధపడ్డానో నీకు తెలియదు. అది అలా జరగాలని కాదు..."

వాల్టర్ లేచి నిలబడ్డాడు. వేలు ట్రిగ్గర్ మీద ఉంది. చాలాసేపు ఉంది. తర్వాత తీసేశాడు. కోటు జేబులోంచి ఆ చిన్న పుస్తకం తీసి సర్ ఆస్బర్ట్ చేతిలో పెట్టాడు.

"పన్నెండో పేజీ తప్పు సర్. రెండో ముద్రణలో దిద్దుకోండి. ఇకమీదట మీకు తీరికే తీరిక."